వీఎం బిగుసుకుపోతే హోస్ట్ నుంచి డంప్ తీసి కారణం పట్టుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి: రుషికొండ వైపు ఆఫీసులో రెండు కేవీఎం హోస్ట్‌లు (లైనక్స్‌లోని కేవీఎంతో వీఎంలని నడిపే అసలు సర్వర్లు) ఉన్నాయి, వాటి మీద 14 వీఎంలు (వర్చువల్ మెషిన్లు) నడుస్తున్నాయి, అందులో డేటాబేస్ ఉన్న వీఎం ఒక్కటే రెండు మూడు వారాలకోసారి బిగుసుకుపోతోంది. పింగ్ వస్తుంది గానీ ఎస్ఎస్‌హెచ్ (రిమోట్ లాగిన్) రాదు, రీసెట్ కొడితే బుద్ధిగా లేస్తుంది, లేచాక లోపల లాగ్ చూస్తే ఆ టైంలో ఏమీ రాసి ఉండదు. హోస్ట్ నుంచి క్రాష్ డంప్ (ఆ క్షణంలో వీఎం మెమరీలో ఉన్నదంతా ఒక ఫైల్‌గా) తీస్తే ఏమైనా తెలుస్తుందా, ఆ ఫైల్‌ని ఎలా చదవాలి అని అడిగారు.

తెలుస్తుంది, మీ కేసులో అయితే బాగానే తెలుస్తుంది. రీసెట్ కొట్టకముందు హోస్ట్ మీద విర్ష్ (వీఎంలని నడిపించే కమాండ్ టూల్) డంప్ కమాండ్‌ని మెమరీ-ఓన్లీ ఆప్షన్‌తో నడపండి, వచ్చిన ఫైల్‌ని క్రాష్ అనే టూల్‌తో, ఆ గెస్ట్ (వీఎం లోపలి సిస్టమ్) కెర్నల్‌కి సరిగ్గా సరిపోయే డీబగ్‌ఇన్ఫోతో (మెమరీ అడ్రసులకి ఫంక్షన్ల పేర్లు చెప్పే ఫైల్) తెరవండి. కానీ దానికంటే ముందు రెండు నిమిషాల పని ఒకటుంది, అసలు పోయింది ఎవరో చూసుకోవాలి. గెస్ట్ కెర్నలా, క్యూఎము ప్రాసెసా (హోస్ట్ మీద ఆ వీఎంని నడిపే ప్రోగ్రామ్), లేక రెండూ బాగానే ఉండి హోస్టే వాటికి తిండి పెట్టట్లేదా. నేను సీతమ్మధారలో ఉంటాను, 14 ఏళ్ళుగా ఇదే పని, నా చేతికొచ్చిన "వీఎం క్రాష్"లలో సగం పైనే మూడో రకం. డంప్ గెస్ట్‌ది తీస్తాం, దోషం హోస్ట్‌లో దొరుకుతుంది.

(ఫోన్‌లో తెలుగు కీబోర్డ్ మీద టైప్ చేస్తున్నా కాబట్టి కమాండ్లు కూడా తెలుగులోనే వస్తాయి, మీరు టెర్మినల్‌లో ఇంగ్లీష్‌లో కొట్టుకోండి.)

రీసెట్ ఎందుకు కొట్టొద్దంటున్నానంటే

రీసెట్ కొట్టడమంటే పంచనామా చెయ్యకుండా శవాన్ని తీసుకెళ్ళి కాల్చేయడమే. మెమరీలో ఉన్న సాక్ష్యం అంతా పోతుంది. లోపల లాగ్‌లో ఏమీ లేదని మీరు ఆశ్చర్యపోయారు కదా, అక్కడే పెద్ద క్లూ ఉంది. పింగ్‌కి జవాబు ఇచ్చేది కెర్నల్, దానికి డిస్క్‌తో పని లేదు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అవ్వాలంటే ఫైళ్ళు చదవాలి, లాగ్ రాయాలి, అంటే డిస్క్ కావాలి. డిస్కే ఆగిపోయిందనుకోండి, "120 సెకన్లుగా బ్లాక్ అయ్యింది" అని కెర్నల్ మొత్తుకున్నా ఆ మాట మెమరీలోని బఫర్‌లోనే ఉండిపోతుంది, లాగ్ ఫైల్‌లోకి దిగదు. రీసెట్‌తో అదీ పోతుంది. డంప్‌లో మాత్రం ఆ బఫర్ మొత్తం ఉంటుంది. అందుకే చూడకుండానే నా అనుమానం డిస్క్ మీదకి పోతోంది, అయినా చూశాకే చెప్పాలి లెండి.

ముందు ఎవరు పోయారో చూడండి

మొదటిది విర్ష్ డొమ్‌స్టేట్, పక్కన రీజన్ ఆప్షన్ పెట్టి. ఇది ఎవరూ వాడరు, ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు. "రన్నింగ్" అని వస్తే వీఎం నడుస్తోంది, లోపల ఏదో ఇరుక్కుంది. "క్రాష్డ్, ప్యానిక్డ్" అంటే గెస్ట్ కెర్నలే చేతులెత్తేసింది. "పాజ్డ్, ఐఓ ఎర్రర్" అని వచ్చిందా, అసలు డంప్ జోలికే పోకండి, హోస్ట్‌లో డీఎఫ్ కొట్టి డిస్క్ నిండిపోయిందేమో చూడండి. వీఎం ఆగిపోయి ఉంటే, హోస్ట్‌లో వార్-లాగ్ కింద లిబ్‌వర్ట్, దాని కింద క్యూఎము ఫోల్డర్‌లో ఆ వీఎం పేరు మీద ఒక లాగ్ ఉంటుంది, చివరి నాలుగు లైన్లు చదవండి. "షట్టింగ్ డౌన్, రీజన్ క్రాష్డ్" అని ఉంటే క్యూఎము ప్రాసెస్ పోయినట్టు.

క్యూఎము పోతే చూసే దారి వేరు. గెస్ట్ మెమరీ దాంతోపాటే పోయింది కాబట్టి విర్ష్ డంప్‌కి అక్కడ ఏమీ మిగల్లేదు, హోస్ట్ మీద కోర్‌డంప్‌సీటీఎల్ లిస్ట్ కొట్టి ప్రాసెస్ కోర్ (ఆ ప్రాసెస్ మెమరీ డంప్) ఏమైనా పడిందేమో చూసి జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరవాలి. దానికంటే ముందు హోస్ట్ డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్) "అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్" అని క్యూఎము పేరుతో లైన్ ఉందేమో వెతకండి. ఉంటే అది క్రాష్ కాదు, హత్య. హోస్ట్‌లో 128 జీబీ ఉంటే వీఎంలకి 124 పంచేసేవాళ్ళు ఉన్నారు, ప్రతి క్యూఎముకీ గెస్ట్ ర్యామ్ కాకుండా పైన కొంత కావాలి, హోస్ట్‌కీ కొంత కావాలి, చివరికి అందరికంటే లావుగా కనిపించిన వీఎం మీద, మెమరీ చాలనప్పుడు ప్రాసెస్‌ని చంపే ఓఓఎం కిల్లర్ కన్ను పడుతుంది. అది ఎప్పుడూ డేటాబేసే అవుతుంది, లావుగా ఉండేది అదే కాబట్టి.

ఇంకా చవకైన పరీక్షలు రెండు. విర్ష్ స్క్రీన్‌షాట్ కొడితే గెస్ట్ కన్సోల్ ఫోటో వస్తుంది, ప్యానిక్ మెసేజ్ తెర మీదే కనిపించిన సందర్భాలు నాకు బోలెడు. రెండోది క్యూఎము మానిటర్‌కి ఇన్ఫో రిజిస్టర్స్ పంపడం, మైనస్ ఏ పెడితే అన్ని సీపీయూలవీ వస్తాయి. పది సెకన్ల తేడాతో రెండు మూడుసార్లు తీసి ఆర్ఐపీ (సీపీయూ ఇప్పుడు కోడ్‌లో ఎక్కడుందో చెప్పే అడ్రస్) విలువలు పోల్చండి. అన్నిటికీ హెచ్ఎల్‌టీ ఒకటి అని ఉంటే సీపీయూలు ఖాళీగా కూర్చున్నాయి, అంటే అందరూ దేనికోసమో ఎదురుచూస్తున్నారు. ఒకటి మాత్రం అదే చుట్టుపక్కల అడ్రసుల్లో తిరుగుతుంటే అది లూప్‌లో పడింది. డంప్ తీయకముందే సగం కథ తెలిసిపోతుంది.

డంప్ తీయడం

విర్ష్ డంప్, తర్వాత మెమరీ-ఓన్లీ, తర్వాత వీఎం పేరు, తర్వాత ఫైల్ పేరు. మెమరీ-ఓన్లీ మర్చిపోతే వచ్చే ఫైల్ క్యూఎము మైగ్రేషన్ ఫార్మాట్‌లో ఉంటుంది, దాంతో నానా తిప్పలు. పెడితే ఈఎల్ఎఫ్ ఫైల్ వస్తుంది, క్రాష్ హాయిగా చదువుతుంది. ఫార్మాట్ ఆప్షన్‌లో కేడంప్-జెడ్‌లిబ్ పెడితే కంప్రెస్ అయి వస్తుంది గానీ అప్పుడు ఇంకొంచెం టైం పట్టొచ్చు.

డంప్ తీస్తున్నంతసేపూ గెస్ట్ ఆగిపోతుంది, లైవ్ ఆప్షన్ పెట్టినా మెమరీ-ఓన్లీలో ఆగుతుంది, ఆ పేరు చూసి మోసపోకండి. లెక్క సింపుల్, 64 జీబీ ర్యామ్, డిస్క్ సెకనుకి 500 ఎంబీ రాస్తుందనుకుంటే రెండు నిమిషాల పైమాటే. ఎలాగూ బిగుసుకుపోయిన వీఎం కదా, ఆగితే ఏం పోయింది అనిపిస్తుంది. నిజమే, కానీ అది క్లస్టర్‌లో ఒక నోడ్ అయితే పక్క నోడ్ ఇది చచ్చిపోయిందనుకుని ఫెన్సింగ్ చేసి పవర్ తీసేస్తుంది, మీ డంప్ సగంలో పోతుంది. క్లస్టర్ ఉంటే ముందు మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టండి.

రెండో మాట, నా తప్పు చెప్తా. చాలా ఏళ్ళ క్రితం ద్వారకానగర్‌లో ఒక క్లయింట్ దగ్గర వీఎం ఆగింది, నేను డొమ్‌స్టేట్ చూడలేదు, హ్యాంగ్ అన్నారు కదా అని నేరుగా డంప్ మొదలుపెట్టాను, అదీ వీఎంల డిస్క్ ఇమేజ్‌లు ఉన్న పార్టిషన్‌లోకే. అక్కడ క్యూకౌ2 ఫైళ్ళు (వీఎంల డిస్క్ ఇమేజ్‌లు) అన్నీ థిన్‌గా, అంటే వాడుకునేకొద్దీ పెరిగేలా పెట్టారు, పార్టిషన్‌లో మిగిలింది 20 జీబీ కూడా లేదు. అసలు ఆ వీఎం ఆగిందే చోటు చాలక. నా డంప్ ఆ మిగిలిన చోటు కూడా మింగేసింది, పక్కనున్న ఐదు వీఎంలూ ఒకదాని వెనక ఒకటి పాజ్ అయిపోయాయి. ఫోన్లు మొదలయ్యాయి. నైట్ డ్యూటీ కుర్రాడు "ఏటండి బాబూ, ఒకటే కదండి పడుకుంది, అన్నీ పడుకోబెట్టేశారేటి" అన్నాడు, ఆ మాట ఇప్పటికీ చెవిలో మోగుతుంది. డంప్ ఫైల్ చెరిపేసి, పాత ఐఎస్ఓలు రెండు తీసేసి, విర్ష్ రెజ్యూమ్ కొడితే ఆరూ లేచాయి, ఒక్క ఫైల్ కూడా పాడవలేదు. ఐఓ ఎర్రర్ పాజ్ అంటే అదే, క్యూఎము జాగ్రత్తగా ఆపి ఉంచింది, చోటిస్తే ఆగిన దగ్గర్నుంచి నడుస్తుంది. అప్పట్నుంచి డంప్‌కి వేరే డిస్క్, గెస్ట్ ర్యామ్‌కి కాస్త పైన ఖాళీ, ఇది చూడకుండా ఎంటర్ కొట్టను.

తెరవడం, ఇక్కడే ఎక్కువమంది వదిలేస్తారు

క్రాష్‌కి రెండు ఫైళ్ళివ్వాలి, డీబగ్ సింబల్స్ ఉన్న వీఎంలైనక్స్ (కెర్నల్ ఫైల్) ఒకటి, మీ డంప్ ఒకటి. వీఎంలైనక్స్ గెస్ట్‌లో నడుస్తున్న కెర్నల్‌ది అక్షరం తేడా లేకుండా ఉండాలి. హోస్ట్‌ది కాదు, గెస్ట్‌లో ఇన్‌స్టాల్ అయి ఉన్న కొత్తదీ కాదు, ఆ క్షణంలో *నడుస్తున్నది*. ఆటో అప్‌డేట్ కొత్త కెర్నల్ దించేసి ఉంటుంది, రీబూట్ అయ్యుండదు, మీరు ప్యాకేజీ లిస్ట్ చూసి కొత్తదాని డీబగ్‌ఇన్ఫో తెస్తారు, "డు నాట్ మ్యాచ్" అని మొహం మీద కొడుతుంది. అనుమానం లేకుండా తెలుసుకోవాలంటే డంప్ ఫైల్ మీదే స్ట్రింగ్స్ నడిపి "లైనక్స్ వెర్షన్" అనే మాట గ్రెప్ చేయండి, పూర్తి పేరు అందులోనే ఉంటుంది. రెడ్‌హ్యాట్ కుటుంబం అయితే కెర్నల్-డీబగ్‌ఇన్ఫో ప్యాకేజీ, ఉబుంటు అయితే డీబీజీసిమ్ అని చివర ఉండే ప్యాకేజీ, దానికి వేరే రిపాజిటరీ కలపాలి. సైజు పెద్దవి, వీఎం పడ్డాక అర్ధరాత్రి డౌన్‌లోడ్ చేసుకునే బదులు ఇవాళే దింపి పెట్టుకోండి.

కేఏఎస్ఎల్ఆర్ అని ఇంకో గొడవ, బూట్ అయిన ప్రతిసారీ కెర్నల్ మెమరీలో వేరే చోట కూర్చుంటుంది. కొత్త క్రాష్ వెర్షన్లు తమంతట తామే లెక్క కట్టుకుంటాయి, లేకపోతే కేఏఎస్ఎల్ఆర్ ఆటో అని ఆప్షన్ ఇవ్వండి. వీఎం ఎక్స్ఎంఎల్‌లో (సెట్టింగ్ ఫైల్) ఫీచర్స్ కింద వీఎంకోర్‌ఇన్ఫో (గెస్ట్ కెర్నల్ తన వివరాలు హోస్ట్‌కి అందించే సదుపాయం) ఆన్ చేసి ఉంటే ఈ బాధ దాదాపు ఉండదు, అది క్యూఎము 2.11 నుంచి ఉంది.

లోపల ఏం చూడాలి

ముందు క్రాష్‌లో సిస్ కమాండ్. ఎంతసేపట్నుంచి నడుస్తోంది, లోడ్ యావరేజ్ ఎంత, ప్యానిక్ అయితే ఆ లైన్ ఏంటి, అన్నీ ఒక్క తెరలో వస్తాయి. లోడ్ 200, సీపీయూలు మాత్రం ఖాళీ అంటే జనం డిస్క్ దగ్గర క్యూ కట్టారన్నమాట. తర్వాత లాగ్, డిస్క్‌లోకి దిగని మెసేజ్‌లు ఇక్కడ దొరుకుతాయి. తర్వాత ఫోర్‌ఈచ్ యూఎన్ బీటీ, అంటే అన్‌ఇంటరప్టిబుల్‌గా (యూఎన్, మధ్యలో లేపలేనట్టు) నిద్రపోతున్న ప్రతి ప్రాసెస్ స్టాక్, ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే వరస (బీటీ అంటే బ్యాక్‌ట్రేస్).

ఆ స్టాక్ చదవడం ఎలాగో నా కేసు ఒకటి పెట్టి చెప్తా, ఎందుకంటే అది మీదానికి చాలా దగ్గరగా ఉంది. గాజువాకలో ఒక క్లయింట్, అకౌంట్స్ డేటాబేస్ వీఎం, 32 జీబీ ర్యామ్, నెలకోసారి సుమారుగా అర్ధరాత్రి దాటాక బిగుసుకుపోయేది. పింగ్ వస్తుంది, లాగిన్ రాదు, అచ్చం మీలాగే. మూడోసారి రీసెట్ కొట్టకుండా నాకు ఫోన్ చెయ్యండని ఒట్టేయించుకున్నాను, చేశారు, డంప్ తీశాం. తెరిచి చూస్తే యూఎన్‌లో అరవై పైగా ప్రాసెస్‌లు. మైఎస్‌క్యూఎల్ థ్రెడ్ ఒకటి తీసుకుంటే, కింద చివర సిస్టమ్ కాల్ ఎంట్రీ, దాని మీద ఎఫ్‌సింక్, దాని మీద ఈఎక్స్‌టీ4 సింక్ ఫైల్, దాని మీద జేబీడీ2 లాగ్ వెయిట్ కమిట్, అన్నిటికంటే పైన షెడ్యూల్. పైనున్న షెడ్యూల్‌ని పట్టించుకోకండి, నిద్రపోయే ప్రతివాడి తలకాయ మీదా అది ఉంటుంది. షెడ్యూల్‌కి సరిగ్గా కింద ఏ ఫంక్షన్ ఉందో అదే వాడు దేనికోసం ఆగాడో చెప్తుంది, స్టాక్ అడుగున ఉన్నది ఏ పని మీద బయల్దేరాడో చెప్తుంది. ఈ థ్రెడ్ "నా డేటా డిస్క్‌లో పడిందని చెప్పు" అని అడిగి, ఫైల్‌సిస్టమ్ జర్నల్ కమిట్ కోసం కూర్చుంది. అరవైలో యాభై పైన ఇదే స్టాక్. అంటే వీళ్ళంతా బాధితులు, దొంగ వేరు.

జర్నల్ కమిట్ చేసేది జేబీడీ2 అనే కెర్నల్ థ్రెడ్, దాని స్టాక్ వేరేగా తీశాను. జర్నల్ కమిట్ ట్రాన్సాక్షన్, దాని మీద వెయిట్ ఆన్ బఫర్, దాని మీద ఐఓ షెడ్యూల్. వాడూ దొంగ కాదు, డిస్క్ నుంచి జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. పీఎస్‌కి మైనస్ ఎం పెడితే ఎవరు చివరిసారి సీపీయూ మీద ఎప్పుడు నడిచారో వస్తుంది, అందరికంటే పాతది చూస్తే మొదట ఆగింది ఎవరో తెలుస్తుంది, అక్కడా జేబీడీ2నే అందరికంటే ముందు ఆగింది. చివరగా డెవ్ మైనస్ డీ, వీడీఏ డిస్క్ లైన్‌లో ఇంకా పూర్తికాని రిక్వెస్ట్‌లు వరసగా నిలబడి ఉన్నాయి. గెస్ట్ తన పని తాను చేసింది, రిక్వెస్ట్‌లని వర్టైఓ (గెస్ట్‌కీ హోస్ట్‌కీ మధ్య దారి) క్యూలో పెట్టింది, అవతల హోస్ట్ తిరిగి ఇవ్వలేదు. గెస్ట్ డంప్ కథ అక్కడితో అయిపోయింది, ఇక హోస్ట్‌లోకి రావాల్సిందే.

హోస్ట్‌లో రెయిడ్ కార్డ్ (చాలా డిస్క్‌లని కలిపి నడిపే కార్డ్) లాగ్ తీస్తే అదే రాత్రి బ్యాటరీ లెర్న్ సైకిల్ మొదలైందని రాసుంది. కార్డ్ మీద క్యాష్‌కి ఒక బ్యాటరీ ఉంటుంది కదా, అది ఇంకా బతికే ఉందా అని పరీక్షించడానికి కార్డ్ దాన్ని ఖాళీ చేసి మళ్ళీ ఛార్జ్ చేస్తుంది, కొన్ని కార్డులు నెలకోసారి, కొన్ని మూడు నెలలకోసారి. ఆ కొన్ని గంటలు రైట్-బ్యాక్ క్యాష్ ఆపేసి రైట్-త్రూకి పోతుంది, అంటే ప్రతి రైట్ నేరుగా ప్లాటర్ మీదకే. మామూలు రోజు అయితే కొంచెం నెమ్మది అంతే. కానీ వీళ్ళ బ్యాకప్ కూడా అదే టైంకి, అన్ని వీఎంలదీ ఒకేసారి, రెయిడ్ 5 మీద సాటా డిస్క్‌లు. దాంతో డిస్క్ రైట్‌కి సెకన్లకి సెకన్లు, క్యూ పెరిగి పెరిగి డేటాబేస్ ఊపిరాడక ఆగిపోయేది. ఆ బ్యాటరీ కూడా ముసలిదైపోయింది, సర్వర్ గదిలో ఏసీ రాత్రి ఆపేసేవాళ్ళట, మన ఉక్కపోతకి బ్యాటరీ ఎన్నాళ్ళు ఉంటుంది. కొత్త బ్యాటరీ వేసి, లెర్న్ సైకిల్‌ని ఆదివారం మధ్యాహ్నానికి మార్చి, బ్యాకప్‌లని విడగొట్టాం. అంతకుముందు ఆరు నెలలు డేటాబేస్ వాళ్ళు క్వెరీలు ట్యూన్ చేస్తూనే ఉన్నారు పాపం.

మీది రెండు మూడు వారాలకోసారి అన్నారు కాబట్టి, పడిన తేదీలూ టైములూ ఒక కాగితం మీద రాసి, హోస్ట్ క్రాన్, బ్యాకప్, స్నాప్‌షాట్, రెయిడ్ లాగ్‌ల పక్కన పెట్టి చూడండి. డంప్ లేకుండా ఇవాళే చెయ్యగల పని ఇది.

సాఫ్ట్ లాకప్ అని కనిపిస్తే వెంటనే కెర్నల్‌ని తిట్టకండి

"సాఫ్ట్ లాకప్, సీపీయూ ఇన్ని సెకన్లుగా ఇరుక్కుంది" అని లాగ్‌లో కనిపిస్తే అందరూ కెర్నల్ బగ్ అనేసుకుంటారు. మామూలు సెట్టింగ్‌లో 20 సెకన్లు దాటితే ఆ మెసేజ్ వస్తుంది. ఫిజికల్ మెషిన్‌లో అయితే అది సీరియస్సే. వీఎంలో మాత్రం ఆ 20 సెకన్లూ హోస్ట్ అసలు ఆ వీసీపీయూని (వీఎం సీపీయూ) నడవనివ్వకపోయినా అదే మెసేజ్ వస్తుంది, మత్తిచ్చి పడుకోబెట్టి లేపితే మనకి టైం తెలీనట్టు. గుర్తుపట్టడం ఎలాగంటే, మెసేజ్ వచ్చిన ప్రతిసారీ ఆర్ఐపీ ఒకే ఫంక్షన్‌లో ఉంటే నిజంగా అక్కడేదో ఉంది. ఒకసారి ఒకచోట, ఇంకోసారి సంబంధం లేని ఇంకోచోట, పైగా చాలా సీపీయూలు ఒకే సెకనులో అరిస్తే అది హోస్ట్ పనే, 16 కోర్ల హోస్ట్ మీద 60 వీసీపీయూలు పెట్టారేమో, లేదా పెద్ద స్నాప్‌షాట్ తీస్తూ ఆపారేమో చూడండి. గెస్ట్‌లో టాప్ కొడితే కనిపించే ఎస్‌టీ అంకె ఇలా హోస్ట్ నడవనివ్వని టైమే, దాన్నే స్టీల్ టైం అంటారు.

నిజంగా గెస్ట్ కెర్నలే పోతే

"నల్ పాయింటర్ డీరిఫరెన్స్" అని ఒక అడ్రస్ వస్తుంది, చివర 18 అని హెక్స్‌లో చిన్న అంకె ఉందనుకోండి. ఎవడో ఖాళీ పాయింటర్ పట్టుకుని ఆ స్ట్రక్చర్‌లో 24వ బైట్ దగ్గరున్న మెంబర్‌ని చదవబోయాడని అర్థం. క్రాష్‌లో స్ట్రక్ట్ మైనస్ ఓ కొట్టి అనుమానమున్న స్ట్రక్చర్‌లో 24 దగ్గర ఏముందో చూస్తే సగం దొరికినట్టే. బీటీలో ఫంక్షన్ పక్కన బ్రాకెట్‌లో మాడ్యూల్ పేరు ఉంటే అది ముఖ్యం, మాడ్ మైనస్ టీ కొడితే బయటి నుంచి వచ్చిన టెయింటెడ్ మాడ్యూల్స్ లిస్ట్ వస్తుంది. నాకు ఎదురైనవాటిలో ఎక్కువసార్లు అక్కడ ఉన్నది ఏదో ఒక యాంటీవైరస్ ఏజెంటో బ్యాకప్ ఏజెంటో. అలా తేలాక మీ పని అయిపోయింది, ఆ కంపెనీకి బీటీ పంపండి, వాళ్ళ కోడ్ మీరు డిజ్అసెంబుల్ చేస్తూ కూర్చోకండి, ఆ సరదా నాకు ఒకప్పుడు ఉండేది.

విండోస్, వీఎంవేర్, క్లౌడ్

క్లుప్తంగా. కేవీఎం మీద విండోస్ గెస్ట్ అయితే ఫార్మాట్ విన్-డీఎంపీ పెట్టండి, కానీ వీఎంకోర్‌ఇన్ఫో ఆన్‌లో ఉండాలి, గెస్ట్‌లో వర్టైఓ-విన్‌తో వచ్చే ఎఫ్‌డబ్ల్యూసీఎఫ్‌జీ డ్రైవర్ ఉండాలి, అప్పుడు విన్‌డీబీజీలో తెరిచి అనలైజ్ కొట్టొచ్చు. వీఎంవేర్ అయితే సస్పెండ్ గానీ మెమరీతో స్నాప్‌షాట్ గానీ తీసి, ఆ ఫైళ్ళని వీఎంఎస్ఎస్2కోర్‌తో డంప్‌గా మార్చుకోవచ్చు. వర్చువల్‌బాక్స్‌లో వీబాక్స్‌మేనేజ్ డీబగ్‌వీఎం కింద డంప్‌వీఎంకోర్ ఉంది. పబ్లిక్ క్లౌడ్‌లో హోస్ట్ మన చేతిలో ఉండదు కాబట్టి ఈ దారి లేదు, అమెజాన్ ఈసీ2లో డయాగ్నస్టిక్ ఇంటరప్ట్ అని ఒకటి పంపితే గెస్ట్‌కి ఎన్ఎంఐ (కెర్నల్ కాదనలేని ఇంటరప్ట్) వెళ్తుంది, లోపల కేడంప్ (గెస్ట్ తన డంప్ తనే రాసుకునే సదుపాయం) పెట్టుకుని ఉంటే అదే డంప్ రాస్తుంది. ఏఎండీ ఎస్ఈవీతో ఎన్‌క్రిప్ట్ అయిన గెస్ట్ అయితే హోస్ట్ నుంచి తీసినా చెత్తే కనిపిస్తుంది, అక్కడా లోపలి కేడంపే గతి. ఇక హోస్టే పవర్ పోయి ఆగితే ఏ డంపూ లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు జనరేటర్‌లో డీజిల్ కూడా అయిపోయాక అలాగే ఆగాయి, తర్వాత మాకు మిగిలింది ఎఫ్ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ చెక్) ఒక్కటే.

ఇవాళే పెట్టుకోవాల్సినవి

మీ ఆ ఒక్క వీఎం ఎక్స్ఎంఎల్‌లో: ఫీచర్స్‌లో వీఎంకోర్‌ఇన్ఫో ఆన్, డివైసెస్‌లో ప్యానిక్ డివైస్ (గెస్ట్ ప్యానిక్ అయిందని హోస్ట్‌కి చెప్పేది), ఆన్-క్రాష్ దగ్గర కోర్‌డంప్-రీస్టార్ట్. ఇవి ఉంటే గెస్ట్ ప్యానిక్ అయినప్పుడు మీరు నిద్రలో ఉన్నా హోస్ట్ డంప్ తీసి మళ్ళీ లేపుతుంది. డంప్ ఎక్కడ పడాలన్నది క్యూఎము డాట్ కాన్ఫ్‌లో ఆటో డంప్ పాత్, దాన్ని వేరే డిస్క్‌కి మార్చండి (నా ద్వారకానగర్ కథ గుర్తుందిగా). గెస్ట్‌లో కేడంప్ కూడా పెట్టి ఉంటే మాత్రం ప్యానిక్‌లో ముందు అదే పరిగెడుతుంది, హోస్ట్‌కి కబురు అందకపోవచ్చు, రెండిట్లో ఏది కావాలో తేల్చుకోండి. మీకు డిస్క్ అనుమానం కాబట్టి హోస్ట్ డంపే మేలు, గెస్ట్ కేడంప్ అదే ఇరుక్కున్న డిస్క్‌లోకి రాయబోయి తనూ ఇరుక్కుంటుంది. ఇంకోటి, గెస్ట్ సీరియల్ కన్సోల్‌ని హోస్ట్‌లో ఒక ఫైల్‌కి లాగ్ అయ్యేలా పెట్టండి, గెస్ట్ కెర్నల్ కమాండ్ లైన్‌లో కన్సోల్ టీటీవైఎస్0 కూడా కలపండి. డిస్క్ ఆగినా మెసేజ్‌లు హోస్ట్‌లో పడతాయి. ఎన్నిసార్లు డంప్ అవసరమే లేకుండా దీంతోనే పని అయిపోయిందో.

డంప్‌ని ఎవరికైనా పంపేముందు ఒక్కసారి ఆగండి. అది గెస్ట్ మెమరీ మొత్తం, పాస్‌వర్డ్‌లు, కీలు, కస్టమర్ల వివరాలు అన్నీ అందులో ఉంటాయి. ఒక సపోర్ట్ కుర్రాడు డంప్‌ని తన సొంత డ్రైవ్‌లో పెట్టి లింక్ అందరికీ ఓపెన్ చేసి పంపడం నా కళ్ళతో చూశాను, 2023లో డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చాక ఇది సరదా విషయం కాదు. లాగ్, బీటీల టెక్స్ట్ పంపితే చాలావరకు సరిపోతుంది. ఫైలే కావాలంటే మేక్‌డంప్‌ఫైల్‌ని డీ 31 లెవెల్‌తో నడిపితే యూజర్ పేజీలు, క్యాష్, ఖాళీ పేజీలు తీసేసి కెర్నల్‌ది మాత్రం ఉంచుతుంది, సైజు కూడా బాగా తగ్గుతుంది. కెర్నల్ పేజీల్లో కూడా కీలు ఉండొచ్చు కాబట్టి అదీ నమ్మకమైన చేతికే ఇవ్వండి.

ఈసారి పడినప్పుడు డొమ్‌స్టేట్ రీజన్, స్క్రీన్‌షాట్, మూడుసార్లు తీసిన రిజిస్టర్లు, తర్వాత డంప్, ఆ వరసలో చెయ్యండి, రీసెట్ అన్నిటికంటే ఆఖర్న. జేబీడీ2 స్టాక్, డెవ్ మైనస్ డీ అవుట్‌పుట్ ఇక్కడ పెడితే నేను చూస్తాను. హోస్ట్‌లో రెయిడ్ కార్డ్ ఉందా, స్టోరేజ్ ఎన్ఎఫ్ఎస్ మీద ఉందా అన్నది మీరు రాయలేదు, అది కూడా చెప్పండి.